'ముగురాడువార మైతిమి': ఆ మూడో ఆడది ఎవరు?

మా భాష గ్రూపులో కావలి నుంచి ఒక టీచరమ్మ అడిగిన ప్రశ్న:

"అందరికీ నమస్కారం. ఖడ్గతిక్కనతో ఆయన భార్య అన్నదని చెప్పే పద్యంలో 'ముగురాడువార మైతిమి' అని ఉంది. ముగ్గురు అని ఉండాలి కదా, అచ్చుతప్పా? మహిళా దినోత్సవం రోజు మా బడిలో తొమ్మిదో తరగతి పాపతో ఈ పద్యం చదివించాలనుకుంటున్నాం. మన నెల్లూరు పద్యం, ఆడవాళ్ళ పౌరుషం చెప్పే పద్యం అని. తాత్పర్యం తేలిక మాటల్లో ఎవరైనా రాసిపెడతారా?"

నా జవాబు:

టీచరమ్మ గారూ, అచ్చుతప్పు కాదు. ముందు పద్యం మొత్తం పెడతాను. చాలామందికి మూడో పాదం ఒక్కటే గుర్తుంటుంది.

పగఱకు వెన్నిచ్చినచో
నగరే నిను మగతనంపు నాయకు లెందున్
ముగురాడువార మైతిమి
వగపేటికి జలక మాడ వచ్చిన చోటన్

ఇది కందం. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంగా 'గ' హల్లే రావాలి: పగఱకు, నగరే, ముగురు, వగపు. 'ముగ్గురు' అని రాస్తే ప్రాసా పోతుంది, గణమూ పోతుంది. అలాగని ఛందస్సు కోసం మాటను కుదించారని అనుకోకండి. మువ్వురు, ముగురు, ముగ్గురు అన్నీ తెలుగులో ఉన్న రూపాలే. పోతన 'ముగురమ్మల మూలపుటమ్మ' అన్నది ఈ ముగురే. 'ఆడువార', 'ఆడవార' అని రెండు విధాలా రాస్తారు, గణానికి తేడా రాదు.

పగఱు అంటే పగవాళ్ళు. వెన్నిచ్చు అంటే వెన్ను చూపించి వచ్చేయడం. నగరే అంటే నవ్వరా అని. వగపు అంటే విచారం. తాత్పర్యం ఇది: "శత్రువులకు వెన్ను చూపి వస్తే మగతనం ఉన్న నాయకులు నిన్ను చూసి నవ్వరా? అయినా ఇప్పుడు విచారం ఎందుకులే, స్నానానికి వచ్చిన ఈ చోట మనం ముగ్గురం ఆడవాళ్ళమే కదా."

ఇంట్లో ఉన్నది తల్లీ, భార్యా. మూడో ఆడది యుద్ధం నుంచి తిరిగి వచ్చిన మగవాడు.

కథ ఇక్కడ అందరికీ తెలిసిందే గానీ పిల్లలకు చెప్పాల్సి వస్తుంది కాబట్టి క్లుప్తంగా రాస్తాను. 13వ శతాబ్దంలో నెల్లూరును మనుమసిద్ధి ఏలుతున్నాడు. కరువొచ్చి కాటమరాజు ఆవుల మందలతో ఈ వైపు గడ్డి బీళ్ళకు వచ్చాడు. మేపుకున్నందుకు పుల్లరిగా కోడెదూడల్ని ఇస్తానని ఒప్పందం. అది చెడి యుద్ధం దాకా పోయింది. కాటమరాజు కథలో పాలేటి ఒడ్డున, పంచలింగాల దగ్గర ఆ యుద్ధం. రాజు తరఫున సేనను నడిపినవాడు ఖడ్గతిక్కన. భారతం రాసిన తిక్కన సోమయాజి, ఈయన అన్నదమ్ముల బిడ్డలు. సేన దెబ్బతిని ఖడ్గతిక్కన ఇంటికి తిరిగి వస్తే, భార్య స్నానానికి చాటుగా మంచం అడ్డం పెట్టి, దగ్గర పసుపుముద్ద ఉంచిందట. ఏమిటిది అని అడిగితే ఈ పద్యం. తర్వాత అన్నం దగ్గర తల్లి విరిగిన పాలు పోసిందట. ఆమె పద్యం చివర ఇలా ఉంటుంది:

కసవున్ మేయఁగఁ బోయిన
పసులున్ విఱిగినవి తిక్క! పాలున్ విఱిగెన్

సేన విరగడం, పశువులు విరగడం, పాలు విరగడం అన్నిటికీ ఒకే క్రియ. చాలా గొప్ప పాదం, కాదనను. తిక్కన మళ్ళీ యుద్ధానికి వెళ్ళి అక్కడే ప్రాణం వదిలాడు.

ఇప్పుడు మీరు అడగనిది ఒకటి చెప్తాను, ఏమనుకోవద్దు. ఈ పద్యాన్ని ఆడవాళ్ళ గొప్పతనానికి ఉదాహరణగా ఆడపిల్ల చేత చదివించడం నాకు మనసొప్పడం లేదు. ఈ పద్యంలో తిట్టు ఏది? పిరికి అనే మాట లేదు, ద్రోహి అనే మాట లేదు. 'ఆడవాళ్ళం' అన్నదే తిట్టు. అదీ ఒక ఆడమనిషి నోట. తనేమిటో అదే ఆమెకు తిట్టుగా పనికొచ్చింది. తొమ్మిదో తరగతి పాప స్టేజీ మీద నిలబడి "మనం ముగ్గురం ఆడవాళ్ళమైపోయాం" అని గొంతెత్తి చదివితే, కింద కూర్చున్న మగపిల్లలు ఎవరి వైపు చూసి నవ్వుతారో మీకు తెలుసు. బక్కగా ఉండేవాడో, మెల్లగా మాట్లాడేవాడో ఒకడుంటాడు ప్రతి క్లాసులో.

ఇంకో విషయం. ఇది భార్య చెప్పిన పద్యం అనేది మన అలవాటు మాట. ఇది చాటువు. ఎవరు కట్టారో పేరు లేదు, నోళ్ళ మీద నడిచి మనదాకా వచ్చింది. ఆమె నిజంగా ఏమన్నదో, మంచం అడ్డం పెట్టిందో, భర్త ప్రాణాలతో వచ్చాడని లోపల ఏడ్చిందో మనకు తెలిసే దారి లేదు. తెలిసేది ఒక్కటే. వెన్ను చూపిన మగవాడి ఇంట్లో ఆడవాళ్ళు ఇలా మాట్లాడాలని సమాజం అనుకుంది, ఆ మాటలు కందంలో కూర్చి ఆమె నోట పెట్టింది. మగవాడు ఎలా చావాలో నిర్ణయించింది ఎవరైనా, ఆ మాట చెప్పే పని మాత్రం ఇంటి ఆడదానికి అప్పగించారు. ఆ పని చేసినందుకు ఆమెకు వీరపత్ని అని పేరు. వీరస్వర్గం మీద నమ్మకం ఉన్న రోజుల్లో, వెనక్కి రావడానికి ఆ మనిషికి ఒక్క తలుపైనా తెరిచి లేదు. రాజు దగ్గర లేదు, దేవుడి దగ్గర లేదు, ఇంటి దగ్గరా లేదు.

ఒంగోలు నుంచి ఒక అన్న రాశారు:

"తల్లీ, 13వ శతాబ్దం పద్యాన్ని ఇప్పటి ఆలోచనతో తూచడం న్యాయం కాదు. ఆ కాలానికి అంతకంటే వేరే మాట ఎవరి నోటా వచ్చేది కాదు."

నా జవాబు:

అన్నా, మీరన్నదాంట్లో నిజం ఉంది. కానీ వేరే మాట అప్పటికే ఉంది, మన ఊళ్ళోనే ఉంది. అందుకే ఈ పద్యం నన్ను వదలదు.

సోమయాజి తన భారతాన్ని మొదలుపెట్టింది విరాటపర్వంతో. అందులో విరాటరాజు కొడుకు ఉత్తరుడి కథను ఈ పద్యం పక్కన పెట్టి ఒకసారి చూడండి. అదీ పశువుల కోసం యుద్ధమే, గోగ్రహణం. అక్కడా ఒక మగవాడు శత్రుసేనను చూసి వెనక్కి పరుగెత్తాడు. అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు గొప్పలు చెప్పుకొని వచ్చినవాడు, రథం దిగి పారిపోయాడు. వెంటపడి పట్టుకున్నది ఎవరు? జడ వేసుకుని, చీర కట్టుకుని, ఆడపిల్లలకు ఆట నేర్పే బృహన్నల, అంటే అజ్ఞాతవాసంలో ఉన్న అర్జునుడు. ఆ జడ, ఆ బట్ట ఎగురుతుంటే చూసి కౌరవసేనలో కొందరు నవ్వారు కూడా.

వ్యాసుడి మూలంలో ఉత్తరుడు ఆ సమయంలో అనే మాట ఒకటుంది. కౌరవులు ఆవుల్ని తోలుకుపోతే పోనీ, ఆడవాళ్ళూ మగవాళ్ళూ నన్ను చూసి నవ్వితే నవ్వనీ అంటాడు. 'నగరే నిను' అన్న ప్రశ్నకు అతను ముందే జవాబు చెప్పేశాడు, నవ్వుకోమని. పరువు మాటతో అతను కదల్లేదు. అప్పుడు బృహన్నల ఏం చేసింది? నువ్వు ఆడదానివి అనలేదు. నీకు యుద్ధం చేతకాకపోతే నువ్వు పగ్గాలు పట్టు, నేను యుద్ధం చేస్తా అంది. భయపడినవాడికి అతను చేయగలిగిన పని ఇచ్చింది. ఉత్తరుడు బతికాడు, ఆవులూ ఇంటికి వచ్చాయి.

ఆ రథం మీద చీరలో ఉన్న మనిషి గాండీవం పట్టింది, మగబట్టల్లో ఉన్న మనిషి పగ్గాలు పట్టాడు. ఎవరి చేతిలో ఏముండాలో బట్టను బట్టి తేల్చలేదు, వచ్చిన పనిని బట్టి తేల్చారు. ఈ ఘట్టాన్ని తెలుగులో రాసిన మనిషి, ఖడ్గతిక్కన ఒక్క ఇంటి వాళ్ళు. ఆ కాలానికి వేరే మాట లేదని ఎలా అనుకోమంటారు? ఉన్న రెండు మాటల్లో చాటువునే మనం పౌరుషం అని పాఠం చేసుకున్నాం. బృహన్నల మాటను పక్కన పెట్టి, ఆ ఘట్టంలోంచి 'ఉత్తరకుమార ప్రగల్భాలు' అనే ఎగతాళి ఒక్కటే నుడికారంగా ఉంచుకున్నాం.

ఇప్పటి సంగతే చూడండి. పని చేయని అధికారికి నిరసన తెలపాలంటే ఆడవాళ్ళు గుంపుగా పోయి గాజులు, చీర, పసుపు కుంకుమ ఇచ్చి వస్తారు. పేపర్లో ఫొటో పడుతుంది. 'చేతకాకపోతే గాజులు తొడుక్కో' అనే మాట మీటింగుల్లో మైకులో వినిపిస్తూనే ఉంది. ఆ గాజులు ఇచ్చే చేతులకు కూడా గాజులే ఉన్నాయి కదా. వాటితోనే నాట్లు వేస్తారు, కలుపు తీస్తారు, పొద్దున్నే లేచి ఇల్లు నడుపుతారు. చేతకానితనానికి గుర్తుగా వాటినే తీసి ఇంకొకరికి ఇవ్వడం చూస్తే నాకు బాధ కలుగుతుంది. పసుపుముద్ద పెట్టిన ఆ పాత కథ ఇంకా మన చేతుల్లో నడుస్తోంది.

అదీ ఏ జిల్లాలో? కలిగిరి మండలం దూబగుంట ఉన్న జిల్లాలో. చిన్నవాళ్ళ కోసం కాస్త రాస్తాను. 1990 తర్వాత ఇక్కడ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు సాయంత్రం పూట పలక పట్టుకుని కూర్చునేవాళ్ళు. అప్పటికి వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో ఊరూరికీ పంపుతోంది. కూలి డబ్బులు ఆ ప్యాకెట్లకే పోయేవి. చదువు చెప్పుకునే చోట ఇళ్ళ సంగతులూ మాట్లాడుకున్నారు. దూబగుంటలో ఆడవాళ్ళు ఏకమై సారాను ఊళ్ళోకి రానివ్వలేదు. దూబగుంట రోశమ్మ పేరు అక్కడి నుంచే రాష్ట్రమంతా తెలిసింది. ఆ కథ మళ్ళీ చదువు పుస్తకంలో పాఠమై వేరే ఊళ్ళకు పోయింది. పాఠం పేరు 'ఆడవాళ్ళు ఏకమైతే'. 1992లో జిల్లా అంతా పాకింది, సారా వేలంపాటలు ఆగాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది గానీ, 1997లో దాన్ని ఎత్తేశారు.

భాష గ్రూపు కాబట్టి ఆ పాఠం పేరును పద్యం పక్కన పెట్టి చదవమని అడుగుతున్నాను. 'ఆడువార మైతిమి' అన్నా, 'ఆడవాళ్ళు ఏకమైతే' అన్నా అందులో ఉన్న క్రియ 'అగు'. చాటువులో ఆడవాళ్ళు కావడం అంటే అన్నీ పోగొట్టుకోవడం. పాఠంలో ఆడవాళ్ళు ఏకం కావడం అంటే ప్రభుత్వం దిగిరావడం. రెండూ పుట్టింది నెల్లూరు సీమలోనే. బడిలో పిల్లలకు మనం నేర్పింది మాత్రం మొదటిదే.

పొదిలి నుంచి ఒక డిగ్రీ అమ్మాయి అడిగింది:

"మేడం, నన్ను చిన్నప్పటి నుంచి మగరాయుడు అంటారు. చెట్టెక్కినా, బండి నడిపినా అదే మాట. మా నాయనమ్మ తిడుతూ అంటుంది, మా నాన్న మురిసిపోతూ అంటాడు. ఇంతకీ అది తిట్టా, మెప్పా?"

నా జవాబు:

రెండూనమ్మా. మగరాయుడు అన్నప్పుడు నువ్వు హద్దు దాటావని కోపం ఉంది, దాటి పైకి పోయావని ఒప్పుకోవడమూ ఉంది. దానికి ఎదురుమాట చూడు, 'ఆడంగి'. అందులో మురిపెం చుక్కైనా లేదు. ఆడపిల్ల మగవాడిలా ఉంటే ఒక మెట్టు ఎక్కినట్టు, మగపిల్లాడు ఆడదానిలా ఉంటే మెట్టు దిగినట్టు. మెట్లు ఎవరు కట్టారో మాటలే చెప్తాయి. మీ నాన్న నిన్ను మెచ్చుకోవడానికి కూడా ఆయనకు మగవాడి మాటే దొరికింది. బండి నడపడం బండి నడపడమే, అందులో రాయుడు ఎవరూ లేరు. నీ పేరుతోనే మెచ్చుకోమని చెప్పు.

ఇంకో సామెత కూడా మీ నాయనమ్మ నోట విని ఉంటావు: "తిరిగి ఆడది చెడింది, తిరక్క మగవాడు చెడ్డాడు." ఒకే తిరగడం. ఒకరికి అది సంపాదన, లోకజ్ఞానం. ఇంకొకరికి పేరు పోవడం. మన పిలకాయల్లో ఎంతమంది కాలేజీలు ఈ ఒక్క సామెత దగ్గర ఆగిపోయాయో. బస్సు మారాల్సి వస్తుందని, రాత్రి అవుతుందని, హాస్టల్లో ఎవరుంటారో అని. సారా మీద పోరాడిన ఆడవాళ్ళు రాత్రి చదువుకు తిరిగారు, పక్క ఊళ్ళకు తిరిగారు, నెల్లూరులో ఆఫీసుల చుట్టూ తిరిగారు. తిరగబట్టే చట్టం వచ్చింది.

ఈ మాటల వల్ల మగవాళ్ళకు జరిగే నష్టం కూడా రాయాలి. మాకు తెలిసిన కుటుంబంలో రొయ్యల గుంటలు వేసి నష్టపోయిన ఆయన, అప్పు సంగతి భార్యకు చెప్పడానికే నెలల తరబడి భయపడ్డాడు. అప్పులవాళ్ళ కంటే ఇంట్లో మాట పడాల్సి వస్తుందనే టెన్షన్ ఆయనకు ఎక్కువ. చివరికి తెలిసినప్పుడు ఆమె అన్నది "ముందే చెప్పుంటే నా గాజులు అమ్మి వడ్డీ అన్నా ఆపేవాళ్ళం గదయ్యా" అని. ఆ ఇంట్లో గాజులు దేనికి పనికొచ్చేవో చూడండి. ఆయన మాత్రం ఇంటికి వస్తే విరిగిన పాలే పోస్తారని అనుకుంటూ ఉండిపోయాడు. చిన్నప్పుడు ఏడిస్తే 'ఆడపిల్లలా ఏడుస్తావేందిరా' అని విన్నవాడు, పెద్దయ్యాక ఎవరి దగ్గర ఏడుస్తాడు?

ఒంగోలు అన్న మళ్ళీ రాశారు:

"బాగుందమ్మా. కానీ నమ్మకాలు మాట మార్చినంత తేలిగ్గా మారవు. పసుపు, కుంకుమ, గాజులు అన్నవి మన ఆడవాళ్ళకు దేవుడితో సమానం. వాటి జోలికి పోతే వాళ్ళే ఒప్పుకోరు."

నా జవాబు:

వాటి జోలికి నేను పోలేదన్నా. నేనూ పసుపు రాసుకుంటాను, గాజులు వేసుకుంటాను. నాకు ఇష్టం. ఇష్టమైనదాన్ని తిట్టుగా వాడొద్దు అంటున్నాను.

నమ్మకం మారదన్నది మాత్రం ఒప్పుకోలేను. మన రొట్టెల పండగే చూడండి. మొహర్రం రోజుల్లో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్ళు రొట్టె తెచ్చి ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్ళు తీసుకుని తింటారు. ఎవరిది ఏ మతం అని ఎవరూ అడగరు. పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, సౌభాగ్యం రొట్టె అన్నవి వింటూనే ఉన్నాం. ఇప్పుడు చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, వీసా రొట్టె, సొంతింటి రొట్టె అని కేకలు వినిపిస్తాయి. ఉద్యోగం రొట్టె కోసం నీళ్ళలో చేయి చాపే అమ్మాయిలు ఎంతమందో ఈసారి పోయినప్పుడు గమనించండి. చెరువు అదే, దర్గా అదే, నమ్మకమూ అదే. ఆడపిల్ల ఏం కోరుకోవచ్చు అన్నది మారింది, దాంతో రొట్టెకు కొత్త పేరు వచ్చింది. దాన్ని అక్కడ ఎవరూ తప్పు పట్టలేదు. మాటలు అలాగే మారతాయి, జనం అవసరం కొద్దీ, పెద్ద గొడవ లేకుండానే.

టీచరమ్మ మళ్ళీ అడిగారు:

"మరి ప్రోగ్రాంలో పద్యం తీసేయమంటారా? ఇప్పటికే పాప కంఠతా పట్టేసింది."

నా జవాబు:

తీసేయొద్దు. అంత మంచి కందాన్ని పిల్లలకు దూరం చేయడం నాకూ ఇష్టం లేదు. పాప చదవనివ్వండి. వెంటనే ఒక మగపిల్లాడితో ఉత్తరుడి ఘట్టం చెప్పించండి, కథగా చెప్పినా చాలు. ఆ తర్వాత పిల్లల్ని అడగండి: ఖడ్గతిక్కన ఇంటికి వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఇంకేం అనొచ్చు? ఒక్కొక్కరినీ ఒక వాక్యం రాయమనండి. 'ఆడ' అనే మాట, 'మగ' అనే మాట వాడకుండా రాయాలని నియమం పెట్టండి. పిరికితనాన్ని తిట్టాలనుకుంటే తిట్టొచ్చు, ధైర్యం చెప్పాలనుకుంటే చెప్పొచ్చు, ముందు స్నానం చేసి అన్నం తిను అనొచ్చు. ఆ రెండు మాటలూ లేకపోతే వాళ్ళకు ఎంత తడుముకోవాల్సి వస్తుందో, తడుముకుని ఎన్ని కొత్త మాటలు తెస్తారో మీరే చూస్తారు. వాళ్ళు రాసినవి ఇక్కడ పెట్టండి, అందరం చదువుతాం.

కనిగిరి, పామూరు, కందుకూరు వైపు సభ్యులకు ఒక విన్నపం. కందుకూరు ఎన్నిసార్లు జిల్లా మారినా, కాటమరాజు కథకు ఈ జిల్లా గీతలు పట్టవు. మీ వైపు కొమ్మువాళ్ళు, అంటే కాటమరాజు కథను పాడి చెప్పేవాళ్ళు, ఈ కథ చెప్తే విన్నవాళ్ళు ఉంటారు. మనుమసిద్ధిని నల్లసిద్ధి అంటారు వాళ్ళు. వాళ్ళ నోట తిక్కన ఇంటికి తిరిగి వచ్చే ఘట్టం ఎలా ఉంది? భార్య ఈ మాటే అంటుందా, వేరే ఏమైనా అంటుందా? యుద్ధంలో రెండో వైపు నిలబడినవాళ్ళ కథ కాబట్టి అక్కడ ఆమెకు వేరే మాటలు ఉండొచ్చు. పెద్దవాళ్ళను అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, యాస మార్చకుండా రాయండి. ఫోన్లో రికార్డు చేసి పెడితే ఇంకా మంచిది, విని నేను రాసిపెడతాను.